సరంగు చెప్పిన దూరం

సింగరేవులో రాజుగారి కాపలా పడవ నడిపే గవరయ్య అనే సరంగు, చుక్కాని పట్టడంలో వెంట్రుకవాసి తేడా రానిచ్చేవాడు కాదు గాని, తెడ్లు వేసే తన కళాసీల దగ్గర నోరు తెరిస్తే మాత్రం ఒక్క నిజం చెప్పేవాడు కాదు.

అంతమాత్రాన అతను చెడ్డవాడేమీ కాదు. మిగతా సరంగులు చేతిలో కొరడా పట్టుకుని పడవ ఎక్కేవారు. గవరయ్యకు అది గిట్టేది కాదు. "నోట్లో నాలుక ఉండగా కొరడాతో పనేముంది?" అనేవాడు. కళాసీలకు ఉన్నదున్నట్టు చెబితే నీరుగారిపోతారనీ, ఏదో ఒక ఆశ చూపిస్తే తప్ప వాళ్ల చేతులు కదలవనీ అతని గట్టి నమ్మకం. "అబద్ధమాడినా అతికినట్టుండాలి" అనే సామెత ఒకటి పట్టుకుని, అందులో మొదటి మాటనే బాగా ఒంటబట్టించుకున్నాడు.

పడవలో తెడ్డు వేసేవాళ్లు పోయే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటారు. వాళ్లకు కనబడేది వదిలి వచ్చిన నీళ్లూ, ఎదురుగా చుక్కాని దగ్గర నిలబడ్డ సరంగు మొహమూ, అంతే. ముందు రేవుందో రాయుందో చూసేది సరంగు ఒక్కడే. అబద్ధాలాడేవాడికి ఇంతకన్నా మంచి చోటు లోకంలో ఇంకెక్కడ దొరుకుతుంది?

"అదుగో రేవు! ఇంక నాలుగు తెడ్లు వేస్తే చాలు!" అనేవాడు గవరయ్య. రేవు అప్పటికి చీమ తలకాయంత కూడా కనబడుతూ ఉండేది కాదు. "దళపతిగారు బురుజెక్కి మనల్నే చూస్తున్నారర్రా, పరువు నిలబెట్టండి!" అనేవాడు. బురుజు మీద ఎవరో ఆరేసుకున్న పంచె తప్ప మరేమీ ఉండేది కాదు. "పోటు మనవైపే ఉంది, పడవ దానంతటదే పోతుంది!" అనేవాడు. కళాసీల నడుములు విరిగేవి.

కొత్తల్లో ఈ మాటలు బాగానే పనిచేశాయి. రేవు దగ్గర పడిందనుకుని అందరూ ఉన్న బలమంతా పెట్టి లాగేవారు. కాసేపయ్యాక మళ్లీ "ఇంకొంచెమే!" వినబడేది. ఆ తర్వాత మళ్లీ. చివరికి రేవు చేరేసరికి కొందరు తెడ్డు మీదే పడి నిద్రపోయేవారు.

ఒకనాడు గవరయ్య తన తెలివికి తానే మురిసిపోతూ, "ఒరేయ్, వెనకాల దొంగల పడవలు తరుముకొస్తున్నాయి! లాగండి, లాగండి!" అని అరిచాడు. కళాసీలందరూ తలెత్తి చూశారు. వాళ్ల కళ్లెదుట ఉన్నది వెనకటి సముద్రమే కదా! అక్కడ నాలుగు గూడబాతులు నీళ్లమీద నిమ్మళంగా తేలుతున్నాయి.

నూకరాజు అనే కళాసీ మహా మాటకారి. అతను తెడ్డు ఆపకుండానే, "సరంగుగారూ, వెనక ఉన్నవి మాకు కనబడతాయండీ. మీరు ముందువైపు అబద్ధాలే చెప్పుకోవాలి" అన్నాడు. పడవంతా గొల్లున నవ్వింది. గవరయ్య కూడా నవ్వేశాడు. నవ్వాడే గాని బుద్ధి మార్చుకోలేదు.

కళాసీలు మాత్రం తమ జాగ్రత్తలో తాము పడ్డారు. సరంగు "వచ్చేశాం" అంటే సగం దారి అయిందనీ, "ఇంకొంచెమే" అంటే ఇప్పుడే బయలుదేరామనీ లెక్క కట్టుకున్నారు. ఎప్పటికి చేరతామో తెలియని దారిలో ఎవడు మాత్రం బలమంతా ఖర్చు పెట్టుకుంటాడు? పాతవాళ్లు తెడ్డును నీళ్లలో ముంచి తీసేవారు గాని లాగేవారు కాదు. కొత్తగా చేరినవాళ్లు మాత్రం సరంగు మాట నమ్మి రొమ్ములు పగిలేలా లాగేవారు. ఆ పడవ పేరు నీటికాకి. సింగరేవులో ఏ పనికైనా ఆఖరున బయలుదేరేదీ, ఆఖరున తిరిగొచ్చేదీ అదే.

ఆ పడవలో ఎర్రన్న అనే ముసలి కళాసీ ఒకడుండేవాడు. అతనికి తియ్యగా మాట్లాడడం పుట్టుకతోనే రాలేదు. పెళ్లైన కొత్తలో భార్య ముచ్చటపడి చేపల పులుసు పెడితే, "ఉప్పెక్కువైంది, చేప ఉడకలేదు" అని చెప్పి ఆ పూట అరుగు మీద పస్తు పడుకున్నాడట. ఒకసారి గవరయ్య "నాలుగు తెడ్లే!" అని అరుస్తుంటే ఎర్రన్న తీరాన ఉన్న కొండ గుర్తు చూసుకుని, "ఎక్కడి నాలుగు? ఇంకా కోసు దూరం ఉంది" అని అందరికీ వినబడేలా అన్నాడు. గవరయ్యకు ఒళ్లు మండింది. ఆ మర్నాటి నుంచి ఎర్రన్నను తన గొంతుకు దూరంగా, పడవ ముక్కు దగ్గరి బల్ల మీద కూర్చోబెట్టాడు.

ఇలా ఉండగా కాపలా పడవల దళపతి సోమభూపాలుడు ఒకనాడు గవరయ్యను పిలిపించాడు.

"గవరయ్యా, నీ పడవకు వంక లేదు. నీ మనుషులు కండలు తిరిగినవాళ్లు. అయినా నీటికాకి ఎప్పుడూ ఆఖరే. ఎందుకంటావు?" అని అడిగాడు.

"ఏం చెయ్యమంటారు దొరా! ఒళ్లు దాచుకునే మనుషులు నా పాలబడ్డారు. ఎంత చెప్పినా వినరు" అన్నాడు గవరయ్య.

"ఎంత చెప్పినా వినరంటే, చెప్పే మాటలో ఏముందో కూడా ఒకసారి చూసుకోవాలి" అన్నాడు దళపతి. "వానాకాలం వచ్చేలోగా వాళ్లను దారికి తెచ్చుకో. లేకపోతే ఆ చుక్కాని ఇంకొకరి చేతిలో పెడతాను."

గవరయ్యకు గుండెలో రాయి పడింది. అతని తండ్రి సరంగు, తాత సరంగు. చుక్కాని లేని గవరయ్యను గవరయ్యే ఊహించుకోలేకపోయాడు. ఆలోచించి ఆలోచించి, మర్నాటి నుంచి తన అబద్ధాలు ఇంకొంచెం గట్టిగా అరవాలని తీర్మానించుకున్నాడు.

వైశాఖ మాసంలో ఒక మధ్యాహ్నం ఆకాశం ఒక్కసారిగా మబ్బు పట్టింది. ఈదురుగాలి మొదలైంది. కాపలా పడవలన్నీ పొద్దున్నే సముద్రం మీదికి పోయాయి. ఎప్పటిలాగే తీరుబడిగా తాళ్లు సర్దుకుంటున్న నీటికాకి ఒక్కటే రేవులో మిగిలింది. అంతలో గట్టు వెంబడి ఇద్దరు బెస్తవాళ్లు పరుగెత్తుకుంటూ వచ్చారు.

"బాబూ, పెళ్లివారి పడవ! ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక తిన్నె మీదికెక్కి ఇరుక్కుపోయింది. అలలు బాదేస్తున్నాయి. ఆడవాళ్లూ చంటిపిల్లలూ ఉన్నారు. పొద్దు వాలేదాకా కూడా ఆ పడవ నిలవదు!" అన్నారు రొప్పుతూ.

దళపతి అక్కడే ఉన్నాడు. నీటికాకి వైపు చూసి ఒక్క క్షణం తటపటాయించాడు. ఆ తటపటాయింపు గవరయ్యకు కొరడా దెబ్బలా తగిలింది.

"పోయిరా గవరయ్యా. ఇంక వేరే పడవ లేదు" అన్నాడు దళపతి.

నీటికాకి రేవు దాటింది. గాలి ఎదురు. కెరటం ఎదురు. ఆ ఎదురుగాలిలోనే డోలూ సన్నాయీ వినబడసాగాయి. పెళ్లి మేళం వాళ్లు పాపం ఇంకేం చెయ్యాలో తోచక, ఎవరికైనా వినబడకపోతుందా అని ప్రాణాలరచేతిలో పెట్టుకుని వాయిస్తున్నారు.

"విన్నారా మేళం! వచ్చేశాం! ఇంక ఒక్క ఊపు!" అని అరిచాడు గవరయ్య.

నిజానికి గాలి అటునుంచి వీళ్లవైపు వీస్తోంది కాబట్టి చప్పుడు దగ్గరగా వినబడుతోంది గాని, పెళ్లి పడవ చాలా దూరంలో ఉంది. నూకరాజు పక్కవాడితో, "ఈ గాలి కూడా మన సరంగుగారి దగ్గరే చదువుకున్నట్టుంది" అన్నాడు. పాతవాళ్లు నవ్వుకుని తెడ్లు ముంచి తీశారు. కొత్తవాళ్లు మాత్రం నిజంగానే వచ్చేశామనుకుని, పళ్లు బిగబట్టి ఒక్కసారిగా లాగారు.

ఒకడు గట్టిగా, ఒకడు మెల్లగా లాగితే తెడ్లు తాళం తప్పుతాయి. అదే జరిగింది. తెడ్డుకు తెడ్డు తగిలి టపటపలాడాయి. నీటికాకి గిర్రున పక్కకు తిరిగింది. అదను చూసుకుని ఒక పెద్ద కెరటం పక్కనుంచి వచ్చి పడవను చెంపదెబ్బ కొట్టినట్టు కొట్టింది. కళాసీలు బల్లల మీంచి ఒకరి మీద ఒకరు పడ్డారు. మోకాలి లోతు నీళ్లు లోపలికొచ్చాయి. వాళ్లు లేచి నీళ్లు తోడుకుని తెడ్లు సర్దుకునేలోగా, గాలి పడవను చాలా దూరం వెనక్కి నెట్టేసింది.

గవరయ్య చుక్కానిని పట్టుకుని ఎలాగో పడవ ముక్కును మళ్లీ గాలికి ఎదురు తిప్పాడు. అతనొక్కడికే ముందున్నది కనబడుతోంది. ఇసుక తిన్నె మీద పెళ్లి పడవ ఒక పక్కకు ఒరిగిపోయింది. పైన ఎవరో ఆడమనిషి చంటిపిల్లను రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది. కెరటం వచ్చినప్పుడల్లా ఆ చేతులు ఇంకొంచెం పైకి లేస్తున్నాయి.

"లాగండర్రా! ప్రాణాలు పోతున్నాయి! ఈసారి నిజం చెబుతున్నాను!" అని అరిచాడు గవరయ్య.

కొత్త కళాసీ ఒకడు అరచేతుల్లోని బొబ్బలు చూసుకుంటూ, "ఇందాకా వచ్చేశామన్నారు కదండీ" అన్నాడు. వాడి గొంతులో కోపం లేదు. అలసిపోయాడు, అంతే. తన నోట్లోంచి వచ్చిన నిజానికి కూడా విలువ లేదని గవరయ్యకు అప్పుడు తెలిసొచ్చింది. ఈ పది మంది బలం సాయంత్రానికల్లా ఎలాగూ తిరిగొస్తుంది. పోగొట్టుకున్న నమ్మకాన్ని ఇప్పటికిప్పుడు ఎక్కణ్ణుంచి తెస్తాడు? అక్కడ చంటిపిల్లను ఎత్తి పట్టుకున్న చేతులు ఎంతసేపు ఆగుతాయి?

అతను ఎక్కువసేపు ఆలోచించలేదు. "ఎర్రన్నా, ఇటు రా! చుక్కాని పట్టుకో!" అని కేకేశాడు.

ఎర్రన్న తెల్లబోయి, "నేనా?" అన్నాడు.

"నువ్వే. ఇన్నాళ్లూ వీళ్లకు చెప్పినవన్నీ కాకమ్మ కబుర్లే. నా మాట వీళ్లు నమ్మరు, నమ్మకపోవడం వీళ్ల తప్పు కాదు. నువ్వు ముందేం కనబడితే అది చెప్పు. నీ తెడ్డు నేను వేస్తాను" అన్నాడు గవరయ్య.

పడవ ఊగుతుండగానే ఇద్దరూ చోట్లు మార్చుకున్నారు. గవరయ్య ముక్కు దగ్గరి బల్ల మీద, పోయే దిక్కుకు వీపు పెట్టి కూర్చుని తెడ్డు పట్టాడు. ఇన్నాళ్లూ వాళ్ల మొహాలే చూసినవాడికి ఆనాడు వాళ్ల వీపులు కనబడ్డాయి. చెమటకు చొక్కాలు చివికిపోయి, భుజాల దగ్గర చర్మం కందిపోయి ఉంది. నాలుగు తెడ్లు వేసేసరికి అతని అరచేతులు మండాయి. పదిసార్లు లాగేసరికి ఊపిరి అందలేదు. వెనక ఏముందో కనబడదు, ఎంత దూరమో తెలియదు. గంతలు కట్టిన గానుగెద్దు బతుకు ఎలా ఉంటుందో అతనికి కాసేపట్లోనే అర్థమైపోయింది.

నూకరాజు ముందు బల్ల మీంచి మెడ తిప్పి, "సరంగుగారూ, అదుగో రేవు! ఇంక నాలుగు తెడ్లే!" అన్నాడు.

అంత కష్టంలోనూ అందరూ పకపకా నవ్వారు. గవరయ్యకు సిగ్గూ వచ్చింది, నవ్వూ వచ్చింది. "ఒరే నూకరాజూ, నీ రుణం ఉంచుకోనులే" అని, వగరుస్తూ, "ఎర్రన్నా, నిజంగా ఎంత దూరం ఉంది?" అని అడిగాడు.

ఎర్రన్న కళ్లు చికిలించి చూశాడు. "చాలా ఉంది. రేవు నుంచి ఇక్కడికి వచ్చినంత దూరం ఇంకా ఉంది" అన్నాడు.

ఆ మాటకు ఇద్దరు ముగ్గురు "అమ్మో!" అన్నారు. కానీ ఒక్కడూ తెడ్డు వదల్లేదు. పైగా చిత్రం ఏమిటంటే, గవరయ్యకు ఆ మాట వినగానే ప్రాణం కుదుటపడింది. దూరం ఎంతో తెలిశాక ఊపిరి ఎలా దాచుకోవాలో తెలిసింది. పక్కవాడి వీపు చూస్తూ, వాడు వంగినప్పుడు వంగి, వాడు లాగినప్పుడు లాగాడు. అందరికీ అలాగే అయిందేమో, తెడ్లన్నీ ఒక్క తాళం మీద పడ్డాయి.

"ఇప్పుడు నిదానంగా లాగండి. తిన్నె ముందు కెరటాలు విరుగుతున్నాయి. అక్కడ ఉన్న బలమంతా కావాలి. ఆ చోటు వచ్చినప్పుడు నేను చెబుతాను. చెప్పేదాకా దాచుకోండి" అన్నాడు ఎర్రన్న. ఇంకొంచెం పోయాక, "సగం అయింది" అన్నాడు. ఇంకొంచెం పోయాక, "గాలి పెరిగింది, ఇందాకటి కన్నా మెల్లగా పోతున్నాం" అన్నాడు. ఒక్క తియ్యటి మాట లేదు. అయినా అతను చెప్పే ఒక్కో మాటకు కళాసీల మొహాల్లో బెదురు తగ్గింది.

ఎట్టకేలకు ఎర్రన్న గొంతు చించుకుని అరిచాడు. "ఇదే ఆ చోటు! లాగండి!"

ఇది నిజమా, అబద్ధమా అని ఒక్కడు కూడా ఆలోచించలేదు. ఏళ్ల తరబడి దాచుకున్న బలమంతా అప్పుడు బయటికొచ్చినట్టు లాగారు. నీటికాకి విరిగే కెరటం మీదికెక్కి, ఒక్క క్షణం గాలిలో నిలబడి, అవతలి పక్క దబ్బున దిగింది. దిగేసరికి పెళ్లి పడవ పక్కనే ఉంది.

ముందు చంటిపిల్లలను అందుకున్నారు. తర్వాత ఆడవాళ్లను, ఆ తర్వాత మగవాళ్లను దింపుకున్నారు. డోలు వాయించే ఆయన మాత్రం డోలు లేనిదే దిగనని మొండికేశాడు. "నువ్వు ముందు దిగవయ్యా, నీ డోలుకు ఈతొచ్చు!" అని నూకరాజు కసిరి, ఆయన్నీ డోలునీ కలిపే లాక్కున్నాడు. వాళ్లు నాలుగు బారలు ఇవతలికి వచ్చారో లేదో, పెళ్లి పడవ నడుముకు విరిగి రెండు ముక్కలైంది.

ఎర్రన్న చుక్కాని వదిలి, "గవరయ్యా, ఇంత బరువుతో పడవ తిప్పడం నా వల్ల కాదు. ఇది నీ పనే" అన్నాడు. గవరయ్య మళ్లీ చుక్కాని అందుకున్నాడు. పడవ నిండా జనం. అంచు నీటికి జానెడు ఎత్తులో ఉంది. పెళ్లికొడుకు పసుపు బట్టలతోనే బిందె పుచ్చుకుని నీళ్లు తోడుతున్నాడు. పెళ్లికూతురు చలికి వణుకుతూ గవరయ్య కాళ్ల దగ్గర కూర్చుంది.

"ఇంకెంత దూరం అన్నయ్యా?" అని అడిగింది.

గవరయ్య నాలుక అలవాటుగా కదిలింది. "ఇదిగో, వచ్చేశాం తల్లీ" అనే మాట పెదవి దాకా వచ్చేసింది కూడా. ఎదురుగా కళాసీలందరూ తన మొహమే చూస్తున్నారు. అతను ఆ మాటను మింగేశాడు.

"చాలా దూరం ఉందమ్మా" అన్నాడు. "కానీ ఇప్పుడు గాలి మనవైపే వీస్తోంది. పడవ బాగా బరువుగా ఉంది కాబట్టి ఎవరూ కదలకుండా కూర్చోవాలి. దీపాలు పెట్టే వేళకు చేరతాం."

నూకరాజు పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి, "ఒరే, దీపాలు పెట్టే వేళకంట. అంటే దీపాలు పెట్టే వేళకేరా!" అన్నాడు. ఎవరో పాట అందుకున్నారు. డోలు ఆయన తడిసిన డోలు మీదే తాళం వేశాడు. ఆ తాళానికి తెడ్లు పడ్డాయి. సరిగ్గా రేవులో దివిటీలు వెలిగిస్తుండగా నీటికాకి గట్టుకు తగిలింది.

ఆగిపోయిన ఆ పెళ్లి మర్నాడు రేవులోనే, తెరచాపలు కుట్టే సాలలో జరిగింది. కళాసీలంతా పెళ్లివారి చుట్టాలై కూర్చుని అరిసెలు లాగించారు. ఆ సందడిలోనే దళపతి గవరయ్యను పక్కకు పిలిచి, "ఏం మంత్రం వేశావయ్యా నీ మనుషుల మీద?" అని అడిగాడు.

"మంత్రం వేసింది నేను కాదు దొరా, ఎర్రన్న" అని గవరయ్య జరిగిందంతా దాచకుండా చెప్పాడు. చెప్పి, "చుక్కాని ఆయన చేతిలోనే పెట్టండి. నాకు తెడ్డు చాలు" అన్నాడు.

దళపతి ఎర్రన్నను పిలిపించాడు. ఎర్రన్న చేతిలో అరిసె పట్టుకుని వచ్చి, "నాకొద్దండి" అన్నాడు. "నాకు దూరం చెప్పడం వచ్చు గాని, గవరయ్యలా పడవ తిప్పడం రాదు. పైగా పొద్దస్తమానం నా మొహం చూస్తూ తెడ్డు వెయ్యడం ఈ కుర్రాళ్ల వల్ల కాదు. అతను నిజం చెబుతానంటే అతన్నే ఉండనివ్వండి. అన్నట్టు, ఈ అరిసెలో బెల్లం ముదిరిపోయింది."

దళపతి నవ్వి కళాసీల వైపు తిరిగాడు. "మీరేమంటారు?"

"నిన్న పెళ్లికూతురికి చెప్పినట్టు రోజూ మాకూ చెబితే ఆయనే మా సరంగండీ" అన్నాడు నూకరాజు. తక్కినవాళ్లు ఔనన్నారు. గవరయ్య పైపంచెతో కళ్లు తుడుచుకున్నాడు.

ఆ రోజు నుంచి నీటికాకి రేవు వదిలే ముందు గవరయ్య కళాసీల ఎదుట నిలబడి, పోవలసిన దూరమూ, గాలి తీరూ, దారిలో కష్టమైన చోటూ చెప్పేవాడు. మొదట్లో నిజం చెప్పడం అతనికి చేదు మందు మింగినట్టే ఉండేది. ఒకనాడు, "గాలి ఎదురు, పోటు ఎదురు. ఈరోజు మన నడుములు విరగడం ఖాయం" అని చెబితే, కళాసీలు హుషారుగా కేకలు పెట్టి తెడ్లు అందుకున్నారు. ఆ నడుములు విరిగే రోజున కూడా నీటికాకి అన్ని పడవల కన్నా ముందే రేవు చేరింది.

అబద్ధపు ఆశ చూపి మనుషుల చేత ఒక పూట పని చేయించుకోవచ్చు గాని, వాళ్లు తమ పూర్తి బలాన్ని ఇచ్చేది ఉన్న కష్టాన్ని ఉన్నట్టు చెప్పి నమ్మకం సంపాదించుకున్న నాయకుడికే.